పాఠకుల ప్రశ్నలు: ఆస్ట్రేలియా ఆదివాసీ స్త్రీలు

ప్రశ్న: ఆస్ట్రేలియా ఆదిమ తెగలలో స్త్రీ మగవాడికి చాకిరీ చేసే మనిషి మాత్రమేనని ఒక పాత పుస్తకంలో చదివాను. మా వైపు సంతలలో సవర, జాతాపు ఆడవారు బేరం తామే మాట్లాడి, డబ్బు తామే లెక్కపెట్టుకోవడం చిన్నప్పటి నుంచి చూసినవాడిని కనుక ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. నిజమేమిటో చెప్పగలరు.
– ఒక పాఠకుడు, బొబ్బిలి, విజయనగరం జిల్లా

జవాబు: మీ అనుమానం సరైనదే. (సంతలో బేరమాడిన స్త్రీకి ఇంట్లోనూ అంత మాట చెల్లుతుందని మాత్రం వెంటనే అనుకోకండి.) అక్కడ 250కి పైగా భాషలు ఉండేవి కనుక ఒక తెగ సంగతి అన్నిటికీ వర్తించదు. పంతొమ్మిదో శతాబ్దంలో వారిని గురించి రాసిన ఐరోపావారిలో అత్యధికులు పురుషులు, వారు అడిగినదీ ఎక్కువగా పురుషులనే. అనేక తెగలలో స్త్రీలకు మాత్రమే చెందిన క్రతువులు, పాటలు, పవిత్ర స్థలాలు ఉన్నాయి. వాటిని సొంత మగవారికే చెప్పనివారు, నోటుపుస్తకంతో వచ్చిన పరాయివాడికి చెబుతారా? తమకు తెలియనిదానిని వారు లేనిదిగా రాసుకున్నారు. 1930లలో ఫిలిస్ కాబెరీ అనే మానవశాస్త్రవేత్త వాయవ్య ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతపు స్త్రీల మధ్య ఉండి పరిశీలించి, వారికి తమదైన ఆచార జీవితం ఉందని 1939లో వెలువరించిన గ్రంథంలో చూపారు. ఎడారి ప్రాంతాలలో తవ్వుకర్ర, చెక్క తొట్టె పట్టుకుని స్త్రీలు తెచ్చే దుంపలు, గింజలే చాలా రోజులు ఇంటిల్లిపాదికీ కూడు. వేట ప్రతిరోజూ దొరికేది కాదు.

చాకిరీ మనుషులుగా వారిని మార్చినది తరువాత వచ్చిన పాలన. ఆడపిల్లలను తల్లుల నుంచి వేరుచేసి, సంస్థలలో పెంచి, తెల్లవారి ఇళ్ళకు పనికి పంపారు. చాలామంది జీతం వారి చేతికి అందనేలేదు. తల్లీబిడ్డలను విడదీసిన ఆ విధానాలకు ప్రధాని కెవిన్ రడ్ పార్లమెంటులో క్షమాపణ చెప్పినది 2008 ఫిబ్రవరి 13న. 1876లో మరణించిన ట్రుగనినీ అనే స్త్రీని ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవి ఆదివాసులలో చివరి మనిషిగా ప్రచారం చేసి, ఆమె అస్థిపంజరాన్ని దశాబ్దాల పాటు మ్యూజియంలో ప్రదర్శించారు. అక్కడి ఆదివాసుల సంతతి నేటికీ ఉంది.

1902లో ఆస్ట్రేలియా స్త్రీలకు ఓటు ఇచ్చిన చట్టమే ఆదివాసులలో అత్యధికులను పక్కన పెట్టింది. జాతీయ ఎన్నికలలో వారందరికీ ఆ హక్కు 1962లో గానీ రాలేదు. ఆదివాసీ స్త్రీ నోవా పెరిస్ సెనేట్‌లో అడుగుపెట్టినది 2013లో, లిండా బర్నీ దిగువ సభకు గెలిచినది 2016లో.

మీరు కుదిరితే ఆదివాసీ చిత్రకారిణి ఎమిలీ కామే ఉంగ్వారే చిత్రాలు చూడండి. డెబ్బై ఏళ్ళు దాటాక కాన్వాసు మీద వేయడం మొదలుపెట్టిన ఆమె, స్త్రీల క్రతువులలో ఒంటిపై దిద్దుకునే గీతలను, నేలలో పాకే దుంప వేళ్ళను గీశారు. ఆమె పేరులోని 'కామే' ఆ దుంపతీగ గింజ పేరే.