మూడు, నాలుగు తరగతుల పిల్లలకు కారణాన్నీ ఫలితాన్నీ ఎలా నేర్పాలి?

ముందుగా ఫలితాన్ని చూపించి, "ఎందుకు?" అని అడుగుతూ కారణం దాకా పిల్లలను వెనక్కి నడిపించడమే ప్రాథమిక తరగతులలో అన్నిటికంటే తేలికైన పద్ధతి. ఫలితం కంటికి కనిపిస్తుంది, కారణాన్ని మాత్రం ఆలోచించి పట్టుకోవలసి ఉంటుంది కనుక, తెలిసిన చివర నుంచి తెలియని మొదలుకు వెళ్లడం వారికి సులువు.

ఏడు చేపల కథ సరిగ్గా ఈ దారిలోనే నడుస్తుంది. చేప ఎండకపోవడానికి గడ్డిమోపు అడ్డం రావడం కారణం; మోపు అక్కడే ఉండిపోవడానికి ఆవు మేయకపోవడం కారణం; ఇలా ప్రతి కారణమూ దాని వెనకదానికి ఫలితంగా మారుతూ, పుట్టలో వేలు పెడితే కుట్టిన చీమ దాకా వెళుతుంది. పిల్లల చేత కథ చెప్పించాక, అదే గొలుసును చీమ వైపు నుంచి "కాబట్టి" అనే మాటతో రాయిస్తే చదవడమూ రాయడమూ ఒకే పాఠంలో అమరుతాయి.

ముందు జరిగిందల్లా కారణమే అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. తెలుగులో క్త్వార్థకం ("తిని", "నాని" లాంటి, వాక్యాన్ని ముగించని క్రియారూపం) కారణాన్ని చెప్పడం, ముందు జరిగిన పనిని చెప్పడం అనే రెండు పనులూ చేస్తుంది గనుక ఈ చిక్కు మరీ ఎక్కువ: "మట్టిగోడ వానకు నాని కూలింది" అన్నప్పుడు నానడం కారణం, "రవి అన్నం తిని బడికి వెళ్లాడు" అన్నప్పుడు తినడం కేవలం ముందు జరిగిన పని. "నాని" అన్నచోట "నానడం వల్ల" అని మార్చినా అర్థం నిలుస్తుంది. "అన్నం తినడం వల్ల బడికి వెళ్లాడు" అనగానే తేడా పిల్లలకే తెలిసిపోతుంది. మాటల వరుసనూ నమ్మడానికి లేదు: "గోడ కూలింది, ఎందుకంటే వానకు నానింది" అనే వాక్యంలో ఫలితమే ముందు వస్తుంది.