వాన పడి సెలినిటీ తగ్గితే వెనామీ రొయ్య ఎలా తట్టుకుంటుంది?

వానకు చెరువు సెలినిటీ, అంటే నీటి ఉప్పదనం, 4 పీపీటీకి (వెయ్యి పాళ్ళలో 4 పాళ్ళ ఉప్పు) పడిపోయిందని, పక్క చెరువులోనూ అంతే ఉన్నా మీ రొయ్యే నీరసపడిందని అడిగారు. భీమవరం వైపు బోరు నీటి చెరువుల్లో పనిచేస్తూ చూసింది చెప్తాను.

వెనామీ రక్తంలోని ఉప్పు దాదాపు 25 పీపీటీ నీటితో సమానం. నీళ్ళు అలా ఉంటే దానికి పెద్దగా శ్రమ లేదు. ఎండాకాలం 40కి చేరితే మొప్పలు ఉప్పును బయటికి నెట్టాలి. 4కి దిగితే కథ తిరగబడుతుంది. నీళ్ళు ఒంట్లోకి చేరుతుంటాయి, లవణాలు బయటికి పోతుంటాయి. ఎక్కువైన నీటిని మీసాల మొదట్లోని గ్రంథి మూత్రంగా పంపేస్తుంది. కానీ ఆ మూత్రం ఇంచుమించు రక్తమంత ఉప్పగానే ఉంటుంది, అందులోనూ ఉప్పు పోతుంది. పోయినదంతా మొప్పలు చెరువు నీటిలోంచి మళ్ళీ లాక్కోవాలి. చిల్లుపడిన పడవలో నీళ్ళు తోడినట్టు, ఈ పనికి ఆపు ఉండదు. తిన్న మేతలో కొంత శక్తి దీనికే పోతుంది.

ఇలా లాగడానికి మొప్పల్లోని సోడియం-పొటాషియం పంపు, అంటే కణాల్లో లవణాలను అటూ ఇటూ నెట్టే ప్రొటీన్, ఆధారం. పొటాషియం అందకపోతే అది సరిగా నడవదు. మీ తేడా ఇక్కడే ఉందని నా అనుమానం. సముద్రపు నీటిలో సోడియం 28 పాళ్ళుంటే పొటాషియం ఒక పాలు. ఆ నీటినే 4 పీపీటీకి పలుచన చేస్తే లీటరుకు సుమారు 43 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. మన బోరు నీటిలో చాలాచోట్ల అంత ఉండదు. సెలినిటీ కొలిచే రిఫ్రాక్టోమీటర్‌కి ఏ ఉప్పైనా ఒకటే, అందుకే రెండు చెరువులూ ఒకేలా కనిపిస్తాయి. రొయ్య తోక వంచుకుపోయి, చెక్ ట్రేలో (మేత ఎంత తిన్నదీ చూసే పళ్ళెం) మేత మిగిలిన చెరువుల్లో ల్యాబ్ రిపోర్టు చూస్తే చాలాసార్లు పొటాషియమే తక్కువగా ఉండేది. ఎంఓపీ (మ్యూరియేట్ ఆఫ్ పొటాష్, పొటాషియం ఎరువు) వేశాక మేత మళ్ళీ అందుకునేది.

కాబట్టి ముందు పొటాషియం, మెగ్నీషియం టెస్టు చేయించండి. నాలుగడుగుల నీళ్ళున్న ఎకరంలో లీటరుకు 1 మిల్లీగ్రాము పెంచడానికి దాదాపు 10 కిలోల ఎంఓపీ పడుతుంది. అడుగు మట్టి కొంత పీల్చేస్తుంది, అందుకే విడతలుగా వేసి మళ్ళీ టెస్టు చూడండి. వాన పడుతుంటే పైన తేలే మంచినీటిని తూములోంచి వదిలేయండి, నీటిలో గాలి కలిపే ఏరేటర్లు ఆపకండి. పైపొర కలవకపోతే అడుగున ఆక్సిజన్ పడిపోతుంది, మొప్పల్లోని పంపు నడవడానికి అదీ కావాలి. రొయ్య కుబుసం విడిచే రోజులైతే ఇంకా జాగ్రత్త, అప్పుడు ఒంట్లోకి నీళ్ళు మరింత చేరతాయి.