మేస్త్రి వచ్చిన రోజు సెలవు పెట్టండి

ఇంటి మరమ్మతులు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది పన్నెండేళ్ళ కిందటి ఫ్లాటు. మా బాత్‌రూమ్ నీళ్ళు కింద ఫ్లాటువాళ్ళ సీలింగులోకి దిగుతున్నాయి. మొత్తం పగలగొట్టి మళ్ళీ చేయిస్తున్నాం. చేసేది మేస్త్రే అయినా పక్కనుండి పని నేర్చుకోవాలని ఉంది. అన్ని రోజులూ సెలవు దొరకదు. ఏయే రోజులు ఉండాలి? ఆయనకు విసుగు రాకుండా ఎలా అడగాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: మూడు రోజులు చాలు. పైపులు అతికే రోజు, వాటర్‌ప్రూఫింగ్ పూత వేసే రోజు, నీళ్ళు కట్టి చూసే రోజు. టైల్స్ అతికేటప్పుడు ఇంటిల్లిపాదీ వచ్చి నిలబడతారు, చూడముచ్చటగా ఉంటుంది కనక. కారేది మాత్రం ఆ టైల్స్ కింద మూసుకుపోయిన పనివల్ల.

పగలగొట్టడం మొదలుకాకముందే నహానీ ట్రాపు (నేల మీది నీళ్ళు బయటికి పోయే తూము), కమోడు పైపు నోళ్ళలో గుడ్డ కుక్కించి పైన ప్లాస్టిక్ కట్టించండి. పెచ్చులు లోపల పడితే పనంతా అయ్యాక నీళ్ళు ఎగదన్నుతాయి.

పైపుల రోజు చూడాల్సింది అతుకులు. సీపీవీసీ ప్లాస్టిక్ పైపులను అతికే జిగురు (సొల్యూషన్) పైపుకూ, ఫిట్టింగు లోపలా రెండుచోట్లా రాయాలి. దూర్చి పావు తిప్పు తిప్పి అరనిమిషం కదలకుండా పట్టుకోవాలి. తొందరలో పైపుకు మాత్రమే రాసి దూర్చేవాళ్ళున్నారు. ఆ అతుకు వెంటనే కారదు, ఏడాదికో రెండేళ్ళకో చెమ్మగా బయటపడుతుంది. మర్నాడు కుళాయిల చోట ప్లగ్గులు బిగించి చేత్తో ఆడించే పరీక్ష పంపుతో పైపుల్లో నీళ్ళకు ఒత్తిడి పెట్టించండి. ఆ పంపు మీటరు ముల్లు కనీసం గంటసేపు దిగకూడదు. గీజరు పాయింటు కోసం గోడ కొట్టే పనేదైనా ఉంటే అదీ ఈ దశలోనే అయిపోవాలి. గోడలు మూసేముందు ప్రతి గోడకూ కొలత టేపు ఆనించి ఫోటో తీసి దాచుకోండి. తర్వాతెప్పుడో అద్దానికి డ్రిల్లు వేసేటప్పుడు ఆ ఫోటోయే మీకు దిక్కు.

ఇక పూత రోజు. ముందు రెండు పనులు జరిగాయో లేదో చూడండి. ఒకటి, శ్లాబులోంచి దిగే పైపు చుట్టూ ఉన్న సందు. అందులో ఇటుక ముక్కలు దోపి పైన మాలు రాస్తే కుదరదు, ఎండినా కుంచించుకుపోని గ్రౌటు (సందుల్లో పోసే సిమెంటు మిశ్రమం) పోయాలి. మా దగ్గరకొచ్చే లీకేజీ ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఈ ఒక్క సందు గురించే. రెండు, గోడా నేలా కలిసే మూల. అక్కడ 1:3 మాలుతో (ఒక పాలు సిమెంటుకు మూడు పాళ్ళ ఇసుక) రెండంగుళాల మేర ఒంపు తిప్పాలి. నిటారు మూలలో వేసిన పూత ఎండేటప్పుడు సరిగ్గా ఆ గీత వెంబడే చిట్లుతుంది.

మాలు ఆరాక దుమ్ము ఊడ్చి, కడిగి, నేల తడిగా ఉండగా, నీళ్ళు నిలవకుండా, పొడీ ద్రవం కలిపిన పూత మొదటిసారి వేస్తారు. నాలుగైదు గంటలాగి రెండోది అడ్డంగా, అంటే మొదటిది తూర్పు పడమరలుగా వేస్తే ఇది ఉత్తర దక్షిణాలుగా. నేలంతా, గోడల మీద చుట్టూ ఒక అడుగు, షవరు ఉన్న గోడ మీద ఆరడుగుల ఎత్తు, గడప మీదుగా, ట్రాపు నోటి లోపలికి కూడా పూత పోవాలి. 5×8 అడుగుల బాత్‌రూమ్‌కి నేల 40 చదరపు అడుగులు, చుట్టూ అడుగు ఎత్తుకు 26, షవరు గోడల భాగం కలుపుకొని 90–100 చదరపు అడుగులకు సరుకు కొనాలి. ప్యాకెట్టు మీద రాసిన విస్తీర్ణం ఒక పూతకా, రెండు పూతలకా అన్నది చదవండి. సగంలో సరుకు అయిపోతే డబ్బాలో నీళ్ళు కలిపి సాగదీస్తారు. అలా సాగిన పూత గోడకు రంగేసినట్టే.

పూత పూర్తిగా ఆరాక, ప్యాకెట్టు చెప్పినన్ని రోజులాగి, ట్రాపు మూసి రెండంగుళాల నీళ్ళు కట్టి 48 గంటలు ఉంచండి. నీటిమట్టం దగ్గర పెన్సిలు గీత గీయండి. ఆవిరై కొద్దిగా తగ్గడం మామూలే. అంగుళం దిగిందంటే ఎక్కడో దారుంది. కింద ఫ్లాటువాళ్ళ సీలింగు కూడా వెళ్ళి చూడాలి, వాళ్ళకు ముందే చెప్పి ఉంచండి. బాత్‌రూమ్ కింద శ్లాబును దించి కట్టిన గుంత ఉంటుంది, ఈ పరీక్ష ఆ గుంతను నింపకముందే జరగాలి. సరిగ్గా ఇక్కడే మేస్త్రీలు ‘అవసరం లేదమ్మా, నాదీ పూచీ’ అంటారు, రెండు రోజుల కూలీ పోతుంది కాబట్టి. ఆ రెండు రోజులు ఆయనకు ఇంకోచోట పని ఉండేలా ముందే మాట్లాడుకుంటే తగువుండదు.

గుంత నింపడానికి పగలగొట్టిన చెత్తే తిరిగి పోయనివ్వకండి. అది నీళ్ళు పీల్చి ఏళ్ళతరబడి వదలదు. శుభ్రమైన ఇటుక ముక్కలో, తేలికపాటి బ్లాకు ముక్కలో వాడాలి. పైన వేసే గచ్చుకు వాటం 80కి 1 ఉండాలి. అంటే 8 అడుగుల పొడవుకు 3 సెంటీమీటర్లు. వాటం కుదిరిందో లేదో పిల్లల గోలీ చెబుతుంది: ఎక్కడ వదిలినా ట్రాపు వైపే దొర్లాలి. గచ్చు మీద మరో రెండు పూతలు వేయించి, వీలైతే మళ్ళీ నీళ్ళు కట్టండి. ఆఖరున కమోడు బిగించే మనిషి పొడుగు స్క్రూలతో నేలకు నాలుగు తూట్లు పొడిచి చేసిందంతా పాడుచేస్తాడు. తూటు లోతు గచ్చు దాటకూడదు, స్క్రూ దించేముందు అందులో సీలెంటు నింపాలి.

అడిగే విషయానికొస్తే, మాలు కలిపాక ఆపి అడగొద్దు. సిమెంటు అరగంట దాటితే బిగుసుకోవడం మొదలుపెడుతుంది. కలిపిన మాలు గంటలోపు వాడేయాలి. మీకు జవాబు చెబుతూ కూర్చుంటే ఆయన మళ్ళీ నీళ్ళు పోసి మెత్తబరుస్తాడు, ఆ మాలుకు బలం ఉండదు. టీ తాగేటప్పుడు అడగండి. ‘ఇలా ఎందుకు చేశారు’ అంటే తప్పు పట్టినట్టుంటుంది. ‘ఇది చేయకపోతే ఏమవుతుంది మేస్త్రి గారూ’ అనండి, తను చూసిన చెడిపోయిన పనులన్నీ చెబుతాడు. మీరు నేర్చుకోవాల్సింది అదే.

ప్రశ్న: మా హాల్లో వేసిన 2×2 అడుగుల విట్రిఫైడ్ టైల్స్ ఒక రాత్రి పెద్ద శబ్దంతో గుడారంలా పైకి లేచాయి. ఇల్లు కట్టి ఆరేళ్ళే. పునాది కుంగిందంటున్నారు. నేనే సరిచేసుకోగలనా?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: గోడల్లో బీటలు లేకపోతే పునాదిని అనుమానించనక్కర్లేదు. విట్రిఫైడ్ టైలు నీళ్ళు పీల్చేది అర శాతం లోపే. అందుకే సిమెంటు పాలు దాని వీపుకు పట్టవు. పైగా సందు లేకుండా పక్కపక్కనే ఆనించి, గోడ దాకా బిగించేస్తారు. ఎండకు టైలు సాగినా, చలికి కింది గచ్చు కుంచించుకున్నా పక్కకు జరిగే చోటుండదు. పట్టు సడలిన చోట పైకి లేస్తుంది.

మీరే చేసుకోవచ్చు. లేచినవాటిని కాలితో అదిమి కూర్చోబెట్టకండి, పగులుతాయి. చుట్టుపక్కల టైల్స్ మీద రూపాయి బిళ్ళతో తట్టి, డొల్లగా మోగిన ప్రతి దానిమీదా సుద్దముక్కతో గుర్తు పెట్టండి. గుర్తున్నవన్నీ తీయాల్సిందే, నాలుగు తీసి వదిలేస్తే వచ్చే ఏడాది ఐదోది లేస్తుంది. కింది గచ్చు గట్టిగా ఉంటే పైనున్న సిమెంటు పొరను 5, 6 మిల్లీమీటర్లు గ్రైండరుతో తీసి, దుమ్ము దులిపి, టైల్ అడ్హెసివ్ వాడండి. బస్తా మీద ఐఎస్ 15477 (టైల్ అడ్హెసివ్‌కు భారతీయ ప్రమాణం) గుర్తు చూసుకోండి. పళ్ళ తాపీతో నేలమీద ఒకే దిశలో గీతలు గీసి, టైలు వీపుకూ పలచగా రాసి, అదిమి అటూ ఇటూ జరపాలి. మొదటి టైలు అతికాక వెంటనే ఊడదీసి చూడండి. వీపంతా అంటితే మీ చెయ్యి కుదిరినట్టు. ముద్దలు ముద్దలుగా అంటితే మధ్యలో మళ్ళీ డొల్లే.

టైలుకు టైలుకు 2 మిల్లీమీటర్ల స్పేసరు, గోడ దగ్గర 5 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. అది స్కర్టింగ్ కింద కనిపించదు. ఒక రోజంతా తొక్కకుండా ఉంచి మర్నాడు సందులు పూడ్చండి. పాత టైల్స్ మిగిలినవి లేకపోతే అదే రంగు దొరకడం కష్టం. తర్వాతెప్పుడు టైల్స్ కొన్నా ఒక పెట్టె అటక మీద పడేయండి.

ప్రశ్న: డాబా మీద సన్నటి పర్రెలు. వానల ముందు నేనే పూత వేద్దామనుకుంటున్నాను. లోపల సీలింగుకు లప్పం కూడా ఇప్పుడే పెట్టించనా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: లప్పం ఇప్పుడు వద్దు. ఒక వానాకాలం గడిచి, మరక పెరగలేదని తేలాక పెట్టండి.

డాబా పని ఏప్రిల్, మే నెలల్లో, పొద్దున పూటే. మధ్యాహ్నం కాలే శ్లాబు మీద పూత కుంచె కిందే ఎండిపోయి పొరలుగా లేస్తుంది. పర్రె మీద ఊరికే రాస్తే లాభం లేదు. గ్రైండరుతో దాన్ని అర సెంటీమీటరు వెడల్పు, సెంటీమీటరు లోతు గాడిగా తెరిచి, దుమ్ము ఊది, పాలియురితేన్ సీలెంటు నింపండి. పిట్టగోడ మూల, వాన గొట్టం నోరు ముందుగా చూడండి. చాలా ఇళ్ళల్లో శ్లాబు బాగానే ఉంటుంది, కారేది ఈ రెండుచోట్లే. ఆ మూలల్లో సన్నటి ఫైబరు జాలీని మొదటి పూతలో పొదిగి, పైన రెండో పూత వేయాలి. వట్టి వైట్ సిమెంటు కొడితే చల్లదనం వస్తుందేమో గానీ అది సాగదు, శ్లాబుతోపాటే చిట్లుతుంది.

సీలింగు నుంచి పెచ్చులూడి తుప్పుపట్టిన ఇనుప కడ్డీలు కనిపిస్తుంటే మాత్రం ఇదేదీ మీ పని కాదు. స్ట్రక్చరల్ ఇంజనీరును పిలవండి, ఆయన చూసేదాకా ఆ గదిలో పడుకోకండి.

ప్రశ్న: నాకు 22 ఏళ్ళు. మా మామ దగ్గర ఏడాదిగా బేల్దారి పని చేస్తున్నాను. ఇంకా మాలు అందించడమే. పద్ధతిగా నేర్చుకునే దారేది?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ తాపీ, ప్లంబింగ్, వైరింగ్ వంటి పనుల్లో శిక్షణ ఇస్తుంది. ఐటీఐలో ప్లంబరు ట్రేడు ఏడాది, ఎలక్ట్రీషియన్ రెండేళ్ళు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో తాపీ పని ఒకటి. ప్రాథమిక శిక్షణ 5 నుంచి 7 రోజులు, రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయల దాకా సాయం. కుటుంబంలో ఒక్కరికే.

అయితే ఏ శిక్షణా మీ మామ పక్కన గడిపే సమయానికి బదులు కాదు. మాలు అందించే పనిని తక్కువగా చూడకండి, కొలత నేర్పేది అదే. తట్టలతో కాకుండా ఫర్మాతో (కొలత పెట్టెతో) కొలవండి. సిమెంటు బస్తా 50 కిలోలంటే సుమారు ఒకటింపావు ఘనపుటడుగు. 1:4 మాలుతో 12 మిల్లీమీటర్ల గిలాబుకు (గోడ ప్లాస్టరింగుకు) 100 చదరపు అడుగులకు దాదాపు ఒక బస్తా, 5 ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. మీ లెక్కకూ సాయంత్రానికి ఖర్చయినదానికీ తేడా ఎందుకొచ్చిందో రోజూ రాసుకోండి. చాలాసార్లు గోడ వంకరే కారణం.

సాయంత్రం మిగిలిన మాలుతో పాత గోడ మీద మూడడుగుల చతురం గిలాబు చేయండి. అల్యూమినియం బద్ద ఆనించి వెనక టార్చి వేసి చూడండి. వెలుతురు వచ్చిన చోటల్లా గుంత. ఆరకముందే గీకేసి మళ్ళీ చేయండి. గుండు, రసమట్టం, నీళ్ళ గొట్టంతో మట్టం తీయడం, 3–4–5 అడుగుల కొలతతో (ఒకవైపు 3, ఇంకోవైపు 4 కొలిస్తే కొసల మధ్య 5 వచ్చేలా) మూల కట్టడం ఈ ఏడాదే చేతికి రావాలి. గొట్టంలో గాలిబుడగ ఉంటే మట్టం తప్పు చూపిస్తుంది, నింపాక రెండు కొసలూ పక్కపక్కన పట్టుకుని నీళ్ళు సమంగా ఉన్నాయో లేదో ముందు చూసుకోవాలి.

ప్రశ్న: ఫ్లష్ ట్యాంకు నీళ్ళు ఊరికే ఖర్చవుతున్నాయి. బయట ఎక్కడా తడి లేదు.
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: ట్యాంకులో కొంచెం మిఠాయి రంగు కలిపి, అరగంట ఫ్లష్ చేయకుండా ఉండండి. కమోడులోకి రంగు దిగితే అడుగున రబ్బరు సీలు అరిగింది. పాత సీలు షాపుకు తీసుకెళ్ళండి, ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. రంగు దిగకపోతే, ట్యాంకు నిండాక కూడా నీళ్ళు పొంగు గొట్టంలోకి పోతున్నాయేమో చూసి ఫ్లోటును కాస్త దించండి.