అమెరికా సైన్యం కొనే ఆయుధాలకు వారంటీ తప్పనిసరా?

ఇప్పుడు తప్పనిసరి కాదు. ఒక్కోటి లక్ష డాలర్లు, లేదా మొత్తం కొనుగోలు కోటి డాలర్లు దాటే ఆయుధ వ్యవస్థలకు వారంటీ ఉండాలన్న 1984 నాటి చట్టాన్ని 1997లో రద్దు చేశారు. వారంటీ ఊరికే రాదు, కంపెనీ ఆ ఖర్చును ముందే ధరలో కలిపేస్తుంది. క్లెయిమ్ చేయాలంటే ఏ పార్టు ఎప్పుడు, ఎందుకు పాడైందో రాసిపెట్టాలి. అసలు చిక్కంతా ఇక్కడే. ఉదాహరణకు హెలికాప్టర్‌లో పంపు లీకైతే మెకానిక్ వెంటనే విప్పేసి, స్టోర్‌లో ఉన్న కొత్తది బిగిస్తాడు. నూనె కారుతున్న పాత పంపుకు చీటీ కట్టకపోతే, డబ్బు పోసి కొన్న వారంటీ వృథానే. 1975 నాటి మాగ్నసన్-మాస్ వారంటీ చట్టం ఆయుధాలకూ వర్తిస్తుందని చాలామంది పొరబడతారు. అది ఇళ్లలో వాడుకునే వస్తువుల కోసం చేసినది. ఆయుధాలకు వారంటీ ఎన్నాళ్లు, దేనికి అన్నది కాంట్రాక్టులో రాయించుకోవాల్సిందే.