కాళ్లు వాటంతటవే ఎగురుతున్నాయి.. నడక వస్తున్నట్టేనా?

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లెటూరు. మావారికి 34 ఏళ్లు. ఏడు నెలల కిందట ముంజల కోసం తాటిచెట్టెక్కి జారిపడ్డారు. విశాఖపట్నంలో వెన్నుకు ఆపరేషన్ చేశారు. బొడ్డు కింద నుంచి స్పర్శ లేదు. వీల్‌చైర్‌లోనే ఉంటున్నారు. రోజూ నూనె రాసి, వేడి ఇసుకమూటతో కాపడం పెడుతున్నాం. నెల రోజులుగా కాళ్లు వాటంతటవే ఎగురుతున్నాయి. నరాలు బాగవుతున్నట్టేనా? పిరుదు మీద ఎర్రమచ్చ కూడా వచ్చింది.
- ఒక సోదరి, గజపతి జిల్లా, ఒడిశా

జవాబు: అమ్మా, ముందు ఆ కాపడం ఈరోజే ఆపేయండి. స్పర్శ లేని చర్మం కాలుతున్నా ఆయనకు తెలియదు. మీ చేతికి గోరువెచ్చగా ఉన్న మూట కూడా అక్కడ బొబ్బలెక్కించవచ్చు. అలాంటి పుండ్లు మానడానికి నెలలు పట్టడం నేను చూశాను. నూనె రాయడం తప్పు కాదు. కానీ ఎర్రమచ్చను మాత్రం రుద్దకండి, లోపలి కండ దెబ్బతింటుంది.

ఆ మచ్చే నన్ను ఎక్కువ టెన్షన్ పెడుతోంది. వేలితో నొక్కి వదిలినా రంగు మారకపోతే ఒత్తిడి పుండు మొదలైనట్టే. మచ్చ పోయేదాకా దాని మీద కూర్చోనివ్వకండి. పక్కకో బోర్లానో పడుకోబెట్టి, రెండు గంటలకోసారి భంగిమ మార్చండి. మళ్లీ కుర్చీ ఎక్కాక ప్రతి అరగంటకూ ముందుకు వంగి, ఛాతీ తొడలకు ఆనేలా ఒకటి రెండు నిమిషాలు ఉండాలి. మధ్యలో బొక్క ఉన్న గాలి ట్యూబు వేయకండి. అది చుట్టూ నొక్కి రక్తం అందకుండా చేస్తుంది. మంచి కుషన్ కావాలి.

ఇక కాళ్లు ఎగరడం. మీరు ఎంత ఆశతో రాశారో అర్థమవుతోంది, అయినా నిజమే చెప్పాలి. అది నడక రావడానికి గుర్తు కాదు. దెబ్బ తగిలిన చోటికి కింద వెన్నుపాము మెదడు అదుపు లేకుండా స్పందిస్తోంది, అంతే. ఎగరడం ఉన్నట్టుండి ఎక్కువైతే మాత్రం మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, పుండు, ఏదో ఒకటి ఉందేమో వెతకాలి. మీవారి విషయంలో ఆ మచ్చే కారణం కావచ్చు. చీలమండ, మోకాలు, తుంటి కీళ్లను రోజూ నెమ్మదిగా సాగదీయండి.

నడుస్తారా అంటే, మలద్వారం దగ్గర స్పర్శ, బిగింపు ఉన్నాయో లేదో డాక్టరు పరీక్షించి చెప్పాలి. ఏడు నెలలకూ రెండూ లేకపోతే మునుపటిలా నడిచే అవకాశం చాలా తక్కువ. అయితే ఆయన చేతులకు పూర్తి బలం ఉంది. మంచం నుంచి కుర్చీలోకి మారడం, స్నానం, బట్టలు వేసుకోవడం, అన్నీ సొంతంగా నేర్చుకోగలరు. మీరు ఎత్తి కూర్చోబెట్టే రోజులు పోవాలి.

మూత్రం పైపు సంగతి రాయలేదు. పైపు అలాగే ఉంటే, నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన గొట్టంతో తానే మూత్రం తీసుకునే పద్ధతి కుదురుతుందేమో అడగండి.

ఈ శిక్షణ కోసం కటక్ జిల్లా ఓలట్‌పూర్‌లో కేంద్ర ప్రభుత్వానికి చెందిన స్వామి వివేకానంద జాతీయ పునరావాస శిక్షణ, పరిశోధన సంస్థ ఉంది. బరంపురం వెళ్తే అక్కడి నుంచి కటక్‌కు రైళ్లున్నాయి. ఆపరేషన్ కాగితాలు, ఎమ్మారై ఫిల్ములు, దివ్యాంగుల గుర్తింపు కార్డు (యూడీఐడీ) ఉంటే అదీ పట్టుకెళ్లండి. మచ్చ తగ్గాకే ప్రయాణం పెట్టుకోండి. ఈలోపు జ్వరం వచ్చినా, మచ్చ నల్లబడినా, చర్మం చిట్లినా ఆగకుండా దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లండి.