పాస్టరుగారు ఒప్పుకున్నారా, తప్పించుకున్నారా?

ప్రశ్న: నథానియల్ హాథార్న్ నవల ‘ది స్కార్లెట్ లెటర్’ చదివాను. అందులో హెస్టర్‌తో బిడ్డను కని ఆ సంగతి దాచిన డిమ్స్‌డేల్ పాస్టరు, తాను పాపినని ప్రసంగ వేదిక మీదే చెబుతుంటాడు. మరి అబద్ధం ఆడింది ఎక్కడ? అతన్ని కపటి అనడం అన్యాయం కాదా?

జవాబు: మాటవరసకు అబద్ధం ఆడలేదు, నిజమే. చిక్కంతా అక్కడే ఉంది. 11వ అధ్యాయం మరోసారి తీసి చూడండి. తనంత నీచుడు లేడని, దేవుడి కోపానికి తన ఒళ్లు మీ కళ్ల ముందే మాడిపోకపోవడమే వింత అని సంఘం ముందు అంటాడు. విన్నవాళ్లు ఏమనుకున్నారు? ఇంత పవిత్రుడికే తనలో ఇంత మచ్చ కనిపిస్తే, మనలాంటి వాళ్లలో ఇంకెంత కనిపిస్తుందో అని మరింత మొక్కారు. వాళ్లు అలాగే అనుకుంటారని అతనికి ముందే తెలుసు. తెలిసీ అదే పని మళ్లీ మళ్లీ చేశాడు కాబట్టే రచయిత అతన్ని కపటి అని నేరుగా అనేశాడు.

ఈ మాటలు ఎందుకు పనిచేయలేదో తెలియాలంటే, ఆ కథలోని జనమైన ప్యూరిటన్ల (కఠిన నియమాల ప్రొటెస్టెంట్ క్రైస్తవుల) నమ్మకం కాస్త తెలియాలి. వాళ్లు కాల్విన్ బోధను అనుసరించేవాళ్లు. మనిషి పుట్టుకతోనే పతితుడన్నది వాళ్లకు మొదటి పాఠం. అలాంటి చోట పాస్టరు ‘నేను పాపిని’ అంటే అందులో కొత్త కబురేమీ లేదు. ఏం చేశాడు, ఎవరితో, ఎప్పుడు అన్నవి తీసేస్తే ఒప్పుకోలు కాస్తా వినయమై కూర్చుంటుంది. వాళ్లు స్థిరపడ్డ అమెరికా ఈశాన్య ప్రాంతం న్యూ ఇంగ్లండ్ చర్చిల్లో తప్పు చేసిన సభ్యుడు సంఘం ముందు నిలబడి ఫలానా తప్పు చేశానని చెప్పాల్సి వచ్చేది. చరిత్రలోంచే ఒక ఉదాహరణ: 1692 నాటి సేలం మంత్రగత్తెల విచారణలో తీర్పరిగా కూర్చున్న శామ్యూల్ సెవాల్, 1697 జనవరిలో ఉపవాస దినాన బోస్టన్ చర్చిలో లేచి నిలబడ్డాడు. ఆ కోర్టు నింద, సిగ్గు తనవేనని తాను రాసిచ్చిన కాగితాన్ని పాస్టరు పైకి చదివి వినిపించాడు. డిమ్స్‌డేల్ ఏడేళ్లపాటు చేయలేకపోయిన పని సరిగ్గా ఇదే.

3వ అధ్యాయాన్ని కూడా రెండోసారి చదవండి. బొండకొయ్య వేదిక మీద బిడ్డతో నిలబడ్డ హెస్టర్‌ను, నీతో పాపం చేసిన వాడి పేరు చెప్పమని జనం ముందు బతిమాలేది ఇతనే. నీ మౌనం వాడి పాపానికి కపటాన్ని కూడా జోడిస్తుందని ఆమెతో అంటాడు. మొదటిసారి చదివేటప్పుడు అది పాస్టరు విధిలా వినిపిస్తుంది. సంగతి తెలిశాక చదివితే, తన నోటితో చెప్పలేనిది ఆమె నోటితో చెప్పించుకోవాలనుకునే పిరికివాడి వేడికోలు అది. తన భారం మోసే పని కూడా ఆమెకే అప్పజెబుతున్నాడు!

ఇక ఇంట్లో తాళం వేసి దాచిన కొరడా, మోకాళ్లు వణికేదాకా ఉపవాసాలు, రాత్రంతా జాగరణలు. ఇవి తన సంఘం పద్ధతులు కావు, పాత రోము (కేథలిక్) మతపు పద్ధతులని రచయిత ఒక పోటు పొడుస్తాడు. అయినా ఆ నొప్పికి సాక్షి లేడు, అదే అసలు లోపం. 17వ అధ్యాయంలో అడవిలో హెస్టర్‌తో తనే ఒప్పుకుంటాడు: ప్రాయశ్చిత్తం కావలసినంత చేశాను, పశ్చాత్తాపం మాత్రం లేదు అని.

ప్రశ్న: హెస్టర్‌కు వేసినట్టు, వ్యభిచారానికి (అడల్టరీకి) గుర్తుగా బట్టల మీద ‘ఏ’ అక్షరం కుట్టించే శిక్ష నిజంగా ఉండేదా?

జవాబు: ఉండేది. కానీ కథాకాలమైన 1642లో, కథాస్థలమైన బోస్టన్‌లో కాదు. మసాచుసెట్స్ బే వలసలో 1641 నాటి చట్టం వ్యభిచారానికి మరణశిక్ష వేసింది. 1644లో మేరీ లాథమ్, జేమ్స్ బ్రిటన్ అనే ఇద్దరిని ఆ నేరానికే ఉరితీశారు కూడా. అక్షరం కుట్టించే శిక్ష ప్లిమత్ వలసలో 1658లో కనిపిస్తుంది. మసాచుసెట్స్‌కు 1694లో వచ్చింది: మెడకు ఉరితాడుతో గంటసేపు ఉరికంబం మీద కూర్చోబెట్టడం, నలభైకి మించకుండా కొరడా దెబ్బలు, ఆపైన ఎప్పటికీ రెండంగుళాల ‘ఏ’ అక్షరం. హాథార్న్ దాన్ని యాభై ఏళ్లు వెనక్కి జరిపాడు. మరణశిక్ష సంగతి దాచలేదు. భర్త సముద్రంలో మునిగిపోయి ఉంటాడన్న ఊహతో దయ తలిచి, మూడు గంటలు వేదిక మీద నిలబెట్టి అక్షరంతో సరిపెట్టారని జనంలో ఒకడితో చెప్పించాడు.

ప్రశ్న: మొదట్లో వచ్చే ‘కస్టమ్ హౌస్’ భాగం దాటలేక రెండుసార్లు పుస్తకం మూసేశాను. వదిలేయవచ్చా?

జవాబు: మొదటిసారికి నిస్సంకోచంగా వదిలేయండి. జైలు తలుపు దగ్గర మొదలుపెట్టి 24 అధ్యాయాలూ చదవండి. తర్వాత 2, 3, 12, 23 అధ్యాయాలను వరసగా ఒకే విడతలో చదవండి. 2, 3 కలిపి ఒకటే కాబట్టి ఇవి మూడు సన్నివేశాలు, మూడింటికీ అదే బొండకొయ్య వేదిక. పగలు ఆమె, రాత్రి అతను, చివరికి పగటిపూట ఇద్దరూ. రాత్రి సన్నివేశంలో, రేపు మధ్యాహ్నం మాతో ఇక్కడ నిలబడతావా అని హెస్టర్ కూతురు పెర్ల్ అడుగుతుంది. దేవుడి చివరి తీర్పు రోజున నిలబడతానంటాడు. చీకట్లో ఎక్కిన వేదిక కూడా కొరడా లాంటిదే, సాక్షులుండరు.

ఆ తర్వాత వెనక్కి వచ్చి ముందుమాట చదవండి. 1849లో కస్టమ్స్ ఉద్యోగం పోయిన మనిషి కసి అందులో ఉంది. సేలం తీర్పరుల్లో ఒకడైన తన ముత్తాత తండ్రి జాన్ హాథార్న్ తరఫున మోస్తున్న సిగ్గు కూడా ఉంది. అక్కడ దొరికిందని చెప్పే గుడ్డ అక్షరం మాత్రం కల్పన.

ప్రశ్న: చివర్లో జనం ముందు చెప్పేశాడు కదా, డిమ్స్‌డేల్‌కు విముక్తి దొరికినట్టేనా?

జవాబు: నవల అవుననే వైపే మొగ్గుతుంది. ఈ వేదిక మీద తప్ప నా నుంచి నువ్వు తప్పించుకోగల చోటు ఇంకెక్కడా లేదని పగబట్టిన హెస్టర్ భర్త చిల్లింగ్‌వర్త్ అంటాడు. అడవిలో డిమ్స్‌డేల్ పెట్టిన ముద్దును వాగు నీళ్లతో కడిగేసుకున్న పెర్ల్, ఇప్పుడు తనే ముద్దు పెడుతుంది. ఆ పిల్ల ఇచ్చిన తీర్పుకే నేను ఎక్కువ విలువ ఇస్తాను.

కానీ మాటలు జాగ్రత్తగా చూడండి. ఏడేళ్ల కిందే ఇక్కడ నిలబడాల్సింది అని ‘నేను’తో మొదలుపెట్టి, అసలు చోటికి వచ్చేసరికి ‘అతని మీద ఆ గుర్తు ఉంది, అతను తెలివిగా దాచాడు’ అంటూ ‘అతను’లోకి జారిపోతాడు. ‘ఈ బిడ్డ తండ్రిని నేనే’ అన్న వాక్యం ఎక్కడా లేదు. పైగా ఎన్నికల దినపు ప్రసంగం చేసి, జనం జేజేలు అందుకుని, చావు అంచున చెప్పాడు. హెస్టర్ ఏడేళ్లు బజార్లో మోసిన దాన్ని అతను కొన్ని నిమిషాలు మోశాడు.

ఆ కొద్ది సందు చాలు, సంఘానికి. అతని రొమ్ము మీద అక్షరం చూశామని చాలామంది చెప్పుకున్నారు. ఎంతో గౌరవనీయులైన కొందరు మాత్రం, రొమ్ము పసిపిల్లాడిదంత శుభ్రంగా ఉందన్నారు. అతను తన తప్పేదీ ఒప్పుకోలేదని, దేవుడి ముందు అందరూ పాపులేనని బోధించడానికే పతిత చేతుల్లో ప్రాణం విడిచాడని వాదించారు.