వాహనదారుల ప్రశ్నలు – జవాబులు: ఎల్ఈడీ ఫాగ్ ల్యాంపుల ఎంపిక

ప్రశ్న: ఉద్యోగరీత్యా నేను తరచుగా తెల్లవారుజామునే పాడేరు ఘాట్ రోడ్డు దిగి చోడవరం వైపు వెళ్లవలసి వస్తుంది. చలికాలంలో మలుపుల దగ్గర రోడ్డు అంచు కనిపించదు. కారుతోపాటు వచ్చిన హాలోజన్ ఫాగ్ ల్యాంపులు మసకగా ఉన్నాయి. విశాఖపట్నంలోని ఒక యాక్సెసరీస్ దుకాణంవారు ఆ ల్యాంపులలోనే బల్బులు తీసి ఎల్ఈడీ బల్బులు వేస్తే చాలన్నారు. మా అబ్బాయి మాత్రం మారిస్తే ల్యాంపు మొత్తం మార్చాలంటున్నాడు. ఏది మేలు? ఏది చట్టానికి లోబడి ఉంటుంది?
– ఒక పాఠకుడు, పాడేరు

జవాబు: మీ అబ్బాయి చెప్పిందే సరైన మాట. కారణం తెలియాలంటే ఫాగ్ ల్యాంపు చేసే పనేమిటో ముందుగా చూడాలి. పొగమంచులో హై బీమ్ వేసినప్పుడు ఎదుట తెల్లని గోడ లేచినట్లు కనిపించడానికి కారణం వెలుగు చాలకపోవడం కాదు. గాలిలో తేలే నీటి తుంపరలకు తగిలిన వెలుగు చెదిరి, అందులో కొంత తిరిగి మన కళ్ల మీదికే రావడం. అందుకే ఫాగ్ ల్యాంపును బంపర్‌లో వీలైనంత కిందుగా అమర్చుతారు. దాని వెలుగు పక్కలకు బాగా విస్తరించి, పైభాగంలో మాత్రం గీత గీసి కోసినట్లు ఆగిపోవాలి. ఆ గీతకు పైన వెలుగు ఎంత తక్కువగా ఉంటే, డ్రైవరు చూపుకూ రోడ్డుకూ మధ్యనున్న మంచు అంత తక్కువగా మెరుస్తుంది. ఫాగ్ ల్యాంపు విలువ ఆ గీతలో ఉంది, పెట్టె మీద అచ్చువేసిన వాట్లలో కాదు.

హాలోజన్ ల్యాంపులోని రిఫ్లెక్టరును సన్నని ఫిలమెంటు ఫలానా చోట ఉంటుందన్న లెక్కతో తయారు చేస్తారు. ఆ స్థానం ఒకటి రెండు మిల్లీమీటర్లు జరిగినా కాంతి ఆకారం చెడిపోతుంది. విడిగా అమ్మే ఎల్ఈడీ బల్బులలో ఫిలమెంటు బదులు ఒక పలకకు రెండు వైపులా చిప్పులు అతికించి ఉంటాయి. అవి ఫిలమెంటులాగా అన్ని దిక్కులకూ సమానంగా వెలగవు. ఫలితంగా కారు ముందు నేల తెల్లగా మెరిసిపోయి, చూసేవారికి ఎంతో వెలుగు వచ్చినట్లు అనిపిస్తుంది గాని, పైన ఉండవలసిన గీత చెదిరి, వెలుగు ఎదుటివారి కళ్లలోకీ మంచులోకీ ఎగబాకుతుంది. దుకాణం ముందు ఎండలోనో, వీధి దీపాల కిందనో వేసి చూపిస్తే ఈ లోపం బయటపడదు.

చట్టం సంగతికి వస్తే, ల్యాంపుకు ఆమోదం ఇచ్చేది అందులో ఉండవలసిన బల్బు రకంతో కలిపి పరీక్షించాకే. హెచ్11, హెచ్8, హెచ్16 అనే హాలోజన్ బల్బు రకాలలో ఒకటి వేయడానికి ఆమోదం పొందిన ల్యాంపులో మరో రకం కాంతి మూలాన్ని పెడితే ఆ ఆమోదం దానికి వర్తించదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను, తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని నిషేధిస్తుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షను ప్రకారం, అనుమతి లేని మార్పులు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కొక్క మార్పుకు రూ.5,000 జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు. బల్బు మార్చినంత మాత్రాన ఎవరినీ జైలుకు పంపరు కదా అని మీరనవచ్చు. నిజమే, అయితే ఘాట్ రోడ్డు మీద ప్రమాదం జరిగితే, బీమా సర్వేయరు ముందుగా ప్రశ్నించేది ఇలాంటి మార్పులనే.

మీకు నా మొదటి సూచన పెద్దగా ఖర్చు లేనిది. ల్యాంపు అద్దం మీద పేరుకున్న మట్టినీ, పసుపు పొరనూ శుభ్రం చేయించి, పాత బల్బులు తీసి అదే రకం కొత్త హాలోజన్ బల్బులు వేయించి, ల్యాంపులు సరైన ఎత్తుకు తిరిగి ఉన్నాయో లేదో చూపించండి. చాలా కార్లలో మసకకు మూలం ఇక్కడే ఉంటుంది. అప్పటికీ చాలకపోతే, మీ కారు మోడల్‌లోనే ఖరీదైన వేరియంటుకు కంపెనీ ఎల్ఈడీ ఫాగ్ ల్యాంపులు ఇస్తున్నదేమో సర్వీసు సెంటరులో విచారించండి. ఇస్తున్నట్లయితే, ఆ మోడల్‌పై ఆమోదం పొందిన ల్యాంపే కాబట్టి అంతకు మించిన ఎంపిక లేదు. కనెక్టరు వేరుగా ఉండే అవకాశం ఉంది గనుక వైరు కోయకుండా బిగించగలరా అని అడిగి తెలుసుకోండి.

బయటి తయారీ ల్యాంపే కొనవలసి వస్తే అద్దం మీది గుర్తులు చదవాలి. వృత్తంలో ఇ అక్షరం, పక్కన ఆమోదించిన దేశం సంఖ్య (1 అయితే జర్మనీ, 4 అయితే నెదర్లాండ్స్), దగ్గరలో బి గాని ఎఫ్3 గాని ఉంటే, అది ఐక్యరాజ్యసమితి 19వ నియమావళి కింద ముందు ఫాగ్ ల్యాంపుగా పరీక్షకు నిలిచినట్లు. వీటిలో ఎఫ్3 కొత్త ప్రమాణం, కాంతి ఆకారం విషయంలో మరింత కఠినమైనది. ఒక్క మాట గుర్తుంచుకోవాలి: భారతదేశం ఈ ముద్రలను పరస్పరం గుర్తించే 1958 ఒప్పందంలో సభ్యదేశం కాదు, ముద్రల పరస్పర గుర్తింపు లేని 1998 ఒప్పందంలో మాత్రమే సభ్యదేశం. అందువల్ల ఇ ముద్ర ఒక్కటే మన దేశంలో అనుమతి పత్రం కాదు. నాణ్యతకు సాక్ష్యం మాత్రమే. మన దగ్గర దీపాల పనితీరుకు ఏఐఎస్-012, కార్లపై వాటి అమరికకు ఏఐఎస్-008 ప్రమాణాలు ఉన్నాయి. పుణెలోని ఏఆర్ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ వంటి సంస్థలు పరీక్షలు జరుపుతాయి. అలాంటి సంస్థ ఇచ్చిన ఆమోదం వివరాలు చూపించమని అమ్మేవారిని అడగండి. అడగగానే మాట మార్చి లూమెన్ల (వెలుగు పరిమాణం) లెక్క మొదలుపెట్టే దుకాణంలో కొనకండి.

ప్రశ్న: హైదరాబాద్–విజయవాడ రహదారిపై రాత్రిపూట కారు నడుపుతుంటాను. పసుపు వెలుగు మంచును చీల్చుకుపోతుందని తోటి డ్రైవర్లంతా అంటారు. తెల్ల ఎల్ఈడీ మానేసి పసుపు తీసుకోవాలా?
– ఒక పాఠకుడు, నందిగామ

జవాబు: చీల్చుకుపోవడం అనేది ఉత్త నమ్మకం. నీలాన్ని ఎక్కువగా, పసుపును తక్కువగా చెదరగొట్టి ఆకాశాన్ని నీలంగా చూపించే ప్రక్రియ కాంతి తరంగం కంటే ఎంతో చిన్నవైన అణువుల వల్ల జరుగుతుంది. పొగమంచులోని తుంపరలు తరంగదైర్ఘ్యం కంటే చాలా రెట్లు పెద్దవి. అవి పసుపునూ నీలాన్నీ దాదాపు ఒకే విధంగా చెదరగొడతాయి.

అలాగని పసుపుకు ప్రయోజనం లేదనను. 6,000 కెల్విన్లు (వెలుగు రంగుకు కొలత), అంతకు పైబడిన ఎల్ఈడీలలో నీలం పాలు ఎక్కువ. అలాంటి వెలుగు వెనక్కి తిరిగి వచ్చినప్పుడు చాలామందికి కళ్లు చికాకు పడతాయి. పసుపు ఆ నీలాన్ని తగ్గిస్తుంది. ఫ్రాన్సు 1930లలో మొదలుపెట్టి 1993 వరకు హెడ్‌లైట్లకు సైతం పసుపునే తప్పనిసరి చేసింది. నిబంధనల ప్రకారం ముందు ఫాగ్ ల్యాంపులు తెలుపు గాని, ఒక నిర్ణీత పసుపు గాని కావచ్చు; అయితే రెండూ ఒకే రంగులో ఉండాలి. అద్దం మీద పసుపు స్టిక్కరు అతికించడం మాత్రం వద్దు. అది వెలుగును మింగేస్తుంది, ల్యాంపు ఆమోదం కూడా పోతుంది. రెండు ల్యాంపులలో కాంతి ఆకారం సమానంగా బాగుంటే పసుపు తీసుకోండి. ఆకారం బాగున్న తెల్ల ల్యాంపు ఒకటీ, ఆకారం లేని పసుపు ల్యాంపు ఒకటీ ఎదుట ఉంటే తెల్లదే తీసుకోండి.

ప్రశ్న: నా మోటార్‌సైకిలు క్రాష్ గార్డుకు రెండు చిన్న ఎల్ఈడీ ఫాగ్ లైట్లు బిగించాను. ట్రాఫిక్ పోలీసులు ఆపి జరిమానా వేశారు. ఫాగ్ లైట్లు నిషిద్ధమా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఫాగ్ లైట్లు నిషిద్ధం కాదు, ద్విచక్ర వాహనాల దీపాల అమరికకు ఏఐఎస్-009 అనే ప్రమాణమే ఉంది. మీరు బిగించినవి ఫాగ్ లైట్లేనా అన్నది ప్రశ్న. ఆ పేరుతో బజారులో అమ్ముడుపోయే చిన్న గుండ్రని దీపాలలో ఎక్కువ భాగం స్పాట్ లైట్లు. వాటి వెలుగు వృత్తాకారంలో పడుతుంది, పైన గీత ఉండదు. కేంద్ర మోటారు వాహన నియమాలు, 1989లోని 111వ నియమం వాహనం ముందు స్పాట్ లైట్లు, సెర్చ్ లైట్లు పెట్టడాన్ని, ప్రత్యేక పరిస్థితులలో రిజిస్ట్రేషన్ అధికారి అనుమతించినప్పుడు తప్ప, ఒప్పుకోదు. 106వ నియమం ప్రకారం ముందు దీపం వెలుగు ఎప్పుడూ కిందికే వంగి గాని, డ్రైవరు కిందికి వంచగలిగేలా గాని ఉండాలి. 8 మీటర్ల దూరంలో, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తులో కళ్లున్న మనిషికి అది మిరుమిట్లు గొలపకూడదు.

ఇది ఇంట్లోనే పరీక్షించుకోవచ్చు. చదునైన నేల మీద బండిని నిలబెట్టి, మరొకరిని కూర్చోబెట్టి, ఎదుటివైపు 8 మీటర్ల దూరంలో మీరు నిలబడి చూడండి. చేయి అడ్డం పెట్టుకోవలసి వస్తే ఆ పోలీసులతో వాదించడానికి మీ దగ్గర ఏమీ లేనట్లే. స్విచ్ నొక్కితే మినుకు మినుకుమనే రకమైతే పరీక్ష కూడా అక్కరలేదు, తీసేయండి.

ప్రశ్న: అమెరికాలో ఉన్న మా తమ్ముడు వస్తూ ఎల్ఈడీ ఫాగ్ ల్యాంపులు తెస్తానంటున్నాడు. అక్కడ కుడివైపున నడుపుతారు కదా, ఇక్కడ పనికొస్తాయా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: హెడ్‌లైట్లయితే పనికిరావు. వాటి లో బీమ్‌ను రోడ్డు అంచు వైపు కొంచెం పైకి లేచేలా తయారు చేస్తారు; అక్కడి లైటు ఇక్కడ ఎదుటివారి కళ్లలోకి లేస్తుంది. ఫాగ్ ల్యాంపు వెలుగు రెండు వైపులా సమానంగా ఉంటుంది గనుక ఆ చిక్కు లేదు. మీ తమ్ముడిగారిని ల్యాంపు మీద ఎస్ఏఈ (అమెరికా ఆటోమోటివ్ ఇంజనీర్ల సంఘం) అనే అక్షరాల పక్కన ఎఫ్ ఉందేమో చూడమనండి. ఎఫ్ అంటే ముందు ఫాగ్ ల్యాంపు. వై ఉంటే అది హై బీమ్‌కు తోడుగా దూరానికి వేసే డ్రైవింగ్ ల్యాంపు; చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. డీఓటీ (అమెరికా రవాణా శాఖ) ముద్రను మాత్రం పట్టించుకోనక్కరలేదు, అక్కడి కేంద్ర ప్రమాణం ఫాగ్ ల్యాంపులకు వర్తించదు. ఇ ముద్ర గురించి మొదటి జవాబులో చెప్పిన హెచ్చరిక ఎస్ఏఈకి కూడా వర్తిస్తుంది.

ప్రశ్న: జీపు పైకప్పు మీద ఎల్ఈడీ బార్ పెట్టుకుని అరకు వెళ్లవచ్చా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: వద్దు. చట్టవిరుద్ధం కావడం ఒక ఎత్తు. అంత ఎత్తు నుంచి పడే వెలుగు మీ కళ్ల ముందున్న మంచునంతా వెలిగించి, మీకే రోడ్డు కనబడకుండా చేస్తుంది.

ప్రశ్న: ఆమోదం ఉన్న ఎల్ఈడీ ల్యాంపులు కొన్నాను. బిగించేటప్పుడు మెకానిక్‌కు ఏమి చెప్పాలి?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: కార్లకు ఐక్యరాజ్యసమితి 48వ నియమావళి చెప్పే కొలతలు ఇవి: ల్యాంపు నేలకు 250 మిల్లీమీటర్ల కంటే కిందికి గాని, 800 మిల్లీమీటర్ల కంటే పైకి గాని ఉండకూడదు, హెడ్‌లైటు లో బీమ్‌ను మించిన ఎత్తులోనూ ఉండకూడదు, కారు పక్క అంచు నుంచి 400 మిల్లీమీటర్లకు మించి లోపలికి జరగకూడదు. బంపర్‌లో కంపెనీ వదిలిన గుంతలోనే బిగిస్తే ఇవన్నీ వాటంతట అవే కుదురుతాయి. విడిగా వైరింగు వేస్తే ఫ్యూజు, రిలే తప్పనిసరి. ఫాగ్ ల్యాంపులకు వేరే స్విచ్ ఉండాలి, హెడ్‌లైట్లతో కలిపేయకూడదు. ఎల్ఈడీ తక్కువ కరెంటు తీసుకుంటుంది గనుక కొన్ని కార్లలో బల్బు పోయినట్లు హెచ్చరిక వెలుగుతుంది. దానికి తగిన మాడ్యూలు వేయాలి గాని హెచ్చరికను ఆపేయించకూడదు.

అన్నిటికంటే ముఖ్యం ఎత్తు సరిచేయడం. కారులో మామూలుగా ఉండే బరువుతో, చదునైన చోట, గోడకు 10 మీటర్ల దూరంలో ఆపండి. గోడ మీద వెలుగు పై గీత, ల్యాంపు మధ్యభాగం ఎత్తుకంటే సుమారు 20 సెంటీమీటర్లు కిందుగా పడాలి. ల్యాంపు 60 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే ఆ గీత 30 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. ఫాగ్ ల్యాంపు మీకు చూపించగలిగేది సుమారుగా అంతే. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో, తేరుకుని బ్రేకు వేయడానికి ఒక సెకను పట్టిందనుకున్నా, పొడి రోడ్డు మీద కూడా కారు ఆగడానికి దాదాపు 40 మీటర్లు కావాలి. 40 కిలోమీటర్ల వేగంలో 20 మీటర్లకు కాస్త పైన ఆగుతుంది. మంచు పడిన రోడ్డు తడిగా ఉంటుంది గనుక ఇంకా తగ్గించి నడపండి. మంచు విడిపోగానే ఫాగ్ ల్యాంపులు ఆర్పేయండి; తడి రోడ్డు మీద పడిన వాటి వెలుగు మెరిసి ఎదుటివారి కళ్లకే కొడుతుంది.